ఎండ డీఎన్‌ఏను ఎంత దెబ్బతీసిందో కొలవడం: మేడ మీద మోతాదు నుంచి ఎలైసా అంకె దాకా

ఎండ వల్ల డీఎన్‌ఏ దెబ్బతింటుందని చెప్పడానికి కొత్తగా ప్రయోగం అక్కర్లేదు. ఎంత ఎండకు ఎంత దెబ్బ, అందులో ఎన్ని గంటల్లో ఎంత బాగవుతుంది అని అంకెల్లో చెప్పాలంటేనే ప్రయోగం కావాలి. హైదరాబాదు అక్షాంశంలో, దీపం కింద కాకుండా అసలైన ఎండలోనే మానవ చర్మకణాలను ఉంచి ఆ అంకె రాబట్టే పద్ధతి ఇది. సెల్ కల్చర్ గది, ఎలైసా (యాంటీబాడీతో రంగు పుట్టించి కొలిచే పరీక్ష) రీడర్, యూవీ మీటర్ ఉన్న ఏ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోనైనా చేయవచ్చు. ఈ ప్రయోగం ఎక్కువగా చెడేది మేడ మీదే: మోతాదు సరిగా కొలవరు, డిష్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మూత అలాగే ఉండిపోతుంది. అందుకే ఆ భాగానికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

కొలవబోయేది ఏమిటి

నేల దాకా వచ్చే అతినీలలోహిత కాంతిలో దాదాపు 95 శాతం యూవీ-ఏ (315–400 నానోమీటర్లు), మిగతాది యూవీ-బీ (280–315). యూవీ-సీని ఓజోన్ పొర పూర్తిగా ఆపేస్తుంది. డీఎన్‌ఏ అన్నిటికన్నా ఎక్కువగా పీల్చుకునేది 260 నానోమీటర్ల దగ్గర. కాబట్టి వాటా తక్కువైనా, నేరుగా దెబ్బకొట్టడంలో యూవీ-బీదే పైచేయి.

ఆ దెబ్బ ముఖ్యంగా రెండు రకాలు. డీఎన్‌ఏ పోగులోని బేస్‌లలో (డీఎన్‌ఏ అక్షరాలలో) పక్కపక్కనున్న రెండు థైమీన్లు, రెండు సైటోసీన్లు, లేదా చెరొకటి ఒకదానికొకటి అతుక్కుపోతే సైక్లోబ్యూటేన్ పిరిమిడిన్ డైమర్ ఏర్పడుతుంది. దీన్ని పొట్టిగా సీపీడీ అంటారు. అదే జంట వేరే విధంగా అతుక్కుంటే 6-4 ఫోటోప్రాడక్ట్. సంఖ్యలో సీపీడీలే చాలా ఎక్కువ, పైగా కణం వాటిని నెమ్మదిగా బాగుచేస్తుంది. చర్మ క్యాన్సర్లలో పదేపదే కనిపించే సైటోసీన్ థైమీన్‌గా మారిన ఉత్పరివర్తనాలకు మూలం ఈ అతుకులే. యూవీ-ఏ ఇంకో దారిలో, ఆక్సీకరణ ద్వారా గ్వానీన్‌ను 8-ఆక్సోగ్వానీన్‌గా మారుస్తుంది. కొంత మేరకు సీపీడీలను కూడా పుట్టిస్తుంది. ఒక్కటే కొలిచే వీలుంటే సీపీడీని కొలవండి.

కణాలు, పరికరాలు

హాకాట్ అనే కెరటినోసైట్ (చర్మపు పై పొర కణం) వంశం పెంచడానికి తేలిక. 1988లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో తయారైన ఈ కణాలు మన దేశంలో పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం నుంచి దొరుకుతాయి. ఒక్క సంగతి మరవకండి: వీటిలో పీ53 జన్యువు ముందే చెడిపోయి ఉంది. జన్యుసముదాయం మొత్తంలో సీపీడీలను వెతికి తీసేయడానికి ఆ జన్యువు అండ కావాలి. అందువల్ల దెబ్బ ఎంతో కొలవడానికి హాకాట్ సరిపోతుంది, మరమ్మతు వేగం చెప్పడానికి సరిపోదు. మరమ్మతు చూడాలనుకుంటే దాతల చర్మం నుంచి తీసిన ప్రాథమిక కెరటినోసైట్లు గానీ ఫైబ్రోబ్లాస్టులు (చర్మపు లోపలి పొర కణాలు) గానీ తెచ్చుకోండి.

35 మిల్లీమీటర్ల డిష్‌లో 3 లక్షల కణాలు వేసి, డిష్ 80 శాతం నిండే దాకా పెంచండి. ఒక్కో మోతాదుకు మూడు డిష్‌లు. వీటితో పాటు కావలసినవి:

కాల్షియం, మెగ్నీషియం ఉన్న పీబీఎస్ (కణాలకు హాని చేయని ఉప్పునీటి బఫర్) ద్రావణం. అల్యూమినియం ఫాయిల్. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు కిటికీ అద్దం ముక్క. థర్మోకోల్ పెట్టె, మంచు. నల్లరంగు పూసిన లోహపు పళ్లెం. రసమట్టం. ఎరిథీమల్ సెన్సర్ ఉన్న యూవీ మీటర్, అంటే చర్మం ఎర్రబడే తీరుకు తగ్గట్టు తరంగదైర్ఘ్యాలను తూచి చూపేది. 254 నానోమీటర్ల క్రిమినాశక దీపం.

పళ్లేనికి నల్లరంగు ఎందుకంటే, మెరిసే అల్యూమినియం అతినీలలోహిత కాంతిని గట్టిగా తిప్పికొడుతుంది. దాని మీద పెట్టిన డిష్‌కు పైనుంచి ఒక వాటా, కింది నుంచి ఇంకో వాటా అందుతుంది. మీటరు మాత్రం పైవాటానే చూపిస్తుంది.

మోతాదు లెక్క

ఫలితాన్ని నిమిషాల్లో రాస్తే ఎవరికీ పనికిరాదు. ఏప్రిల్‌లో పది నిమిషాలు, డిసెంబరులో పది నిమిషాలు ఒకటి కావు. ప్రామాణిక ఎరిథీమా మోతాదులో, అంటే ఎస్‌ఈడీలో రాయండి. ఒక ఎస్‌ఈడీ అంటే తూకం వేసిన శక్తి చదరపు మీటరుకు 100 జౌళ్లు.

యూవీ సూచికలో ఒక్కో అంకెకు చదరపు మీటరుకు 0.025 వాట్లు. మీటరు 10 చూపిస్తే 0.25 వాట్లు, అప్పుడు ఒక ఎస్‌ఈడీ అందడానికి 400 సెకన్లు, అంటే 6 నిమిషాల 40 సెకన్లు. మీటరు 9.2 చూపిస్తే 0.23 వాట్లు, ఒక ఎస్‌ఈడీకి 435 సెకన్లు. వాతావరణ యాప్‌లో కనిపించే సూచికతో ఈ లెక్క వేయకండి. అది అంచనా మాత్రమే, మీ మేడ మీది మబ్బు, దుమ్ము దానికి తెలియవు.

మీ మీటరు తూకం వేయని యూవీ-బీని చూపించే రకమైతే, ఏదో ఒక గుణకం పెట్టి ఎస్‌ఈడీగా మార్చేయకండి. సూర్యుడి ఎత్తును బట్టి కాంతిలోని తరంగదైర్ఘ్యాల పాళ్లు మారిపోతాయి కాబట్టి ఆ గుణకం గంటగంటకూ మారుతుంది. అలాంటప్పుడు మీటరు చూపిన ప్రమాణాన్నే రాసి, సెన్సర్ పేరు పక్కన పెట్టండి. ప్రమాణాల దగ్గర పదింతల పొరపాటు చాలా మామూలు: చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీజౌల్ అంటే చదరపు మీటరుకు 10 జౌళ్లు.

మీటరు అందుబాటులో లేకపోతే పాలీసల్ఫోన్ పొర వాడవచ్చు. దాదాపు 40 మైక్రాన్ల మందం ఉన్న ఈ పొర ఎండ తగిలేకొద్దీ 330 నానోమీటర్ల దగ్గర ఎక్కువ కాంతిని పీల్చుకుంటుంది. ముందూ వెనకా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదివి తేడా తీయాలి. ఎండలోంచి తీశాక కూడా ఆ మార్పు కొంత సాగుతూనే ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత చదవండి. ఏ పొరనైనా ముందుగా అదే ఊరి ఎండలో, అరువు తెచ్చిన మీటరు పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ

సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాదు దాదాపు 78.5 దగ్గర ఉంది. ఆ నాలుగు డిగ్రీలకు పదహారు నిమిషాలు. ఏప్రిల్ నడుమ అక్కడ అసలు మధ్యాహ్నం 12:16 ప్రాంతంలో. విశాఖలో మాత్రం పన్నెండు కంటే ముందే. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు మొదటి వారంలో మళ్లీ ఆ స్థితి వస్తుంది గానీ, అప్పుడు మబ్బుల వల్ల ప్రయోగం సాగదు. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా మబ్బులేని రోజులు చూసుకోండి. అసలు మధ్యాహ్నానికి చెరో అరగంట లోపల కాంతి పెద్దగా మారదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఆకాశం చూడండి. నీడ పడకపోతే చాలనుకుంటారు. కానీ యూవీ-బీలో పెద్ద వాటా సూర్యుడి నుంచి నేరుగా రాదు, ఆకాశమంతటా చెదిరి వస్తుంది. పక్కన ఎత్తైన నీళ్ల ట్యాంకు ఉంటే ఆకాశంలో ఒక ముక్క తగ్గినట్టే. సున్నం వేసిన పిట్టగోడ ఉంటే దాని నుంచి తిరిగివచ్చే కాంతి తోడవుతుంది. పళ్లేన్ని పిట్టగోడ కంటే ఎత్తులో, బల్ల మీద పెట్టి రసమట్టంతో సమంగా ఉందో లేదో చూడండి. మీటరు సెన్సర్ కూడా అదే బల్ల మీద, అదే ఎత్తులో ఉండాలి. దాన్ని మంచు మీద మాత్రం పెట్టకండి, చల్లబడితే అద్దం మీద తేమ పడుతుంది.

ఎండలో పెట్టడం

1. కల్చర్ మాధ్యమం తీసేసి, పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, డిష్‌లో 2 మి.లీ. పీబీఎస్ పోయండి. లోతు దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది. మాధ్యమంలోనే ఎండకు పెడితే ఫినాల్ రెడ్ కొంత కాంతిని తినేస్తుంది. అందులోని రైబోఫ్లేవిన్, ట్రిప్టోఫాన్ కాంతి తగిలి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. అప్పుడు మీరు కొలిచేది ఎండ దెబ్బనా, పెరాక్సైడ్ దెబ్బనా చెప్పలేరు.

2. డిష్‌లను ఫాయిల్‌లో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో మంచు మీద మేడకు తీసుకెళ్లండి. మంచునీటి మీద నల్ల పళ్లెం, పళ్లెం మీద పలచగా నీళ్లు, ఆ నీళ్లలో డిష్‌లు. మధ్యలో గాలి ఉంటే చల్లదనం అందదు. ఏప్రిల్ ఎండలో చల్లార్చని డిష్ చూస్తుండగానే 40 డిగ్రీలు దాటుతుంది. వేడి కణాన్ని వేరే విధంగా దెబ్బతీస్తుంది. చల్లదనం వల్ల ఇంకో లాభం, ఎండలో ఉన్నంతసేపూ మరమ్మతు ఆగిపోయి ఉంటుంది.

3. మూతలు తీసేయండి. పాలీస్టైరీన్ మూత యూవీ-బీలో ముఖ్యమైన భాగాన్ని మింగేస్తుంది. దుమ్ము భయం ఉంటే క్వార్ట్‌జ్ పలక కప్పండి, సెన్సర్ మీద కూడా అలాంటిదే కప్పండి.

4. మోతాదులు 0, 0.5, 1, 2, 4 ఎస్‌ఈడీ. 4 ఎస్‌ఈడీ డిష్ మీది ఫాయిల్ ముందు తీసి, మిగతావాటిని వంతులవారీగా తెరుస్తూ, అన్నీ ఒకేసారి ముగిసేలా చూడండి. సూచిక 10 ఉంటే మొత్తం 26 నిమిషాల 40 సెకన్లు. ముందు పెట్టినవి ముందు తీస్తూ పోతే, తీసినవి కాచుకుని కూర్చునే సమయం ఒక్కో డిష్‌కు ఒక్కోలా ఉంటుంది.

5. నిమిషానికోసారి మీటరు అంకె రాయండి. ఆ అంకెల మొత్తమే అసలు మోతాదు, ముందు వేసుకున్న లెక్క కాదు. మబ్బు వచ్చి అంకె పదిశాతం కంటే ఎక్కువ ఊగితే ఆ రోజు ప్రయోగం ఆపేయడమే మేలు.

6. ముగియగానే ఫాయిల్ కప్పి, మంచు మీదే కిందికి తెచ్చి, పీబీఎస్ తీసేసి వెంటనే డిష్‌లోనే, కణాలను పగలగొట్టే లైసిస్ ద్రావణం పోయండి.

పోలిక డిష్‌లు లేకుండా ఏ అంకెకూ అర్థం లేదు. ఫాయిల్‌లో చుట్టి అదే పళ్లెం మీద మొత్తం సేపు ఉంచినది ఒకటి. ఇంక్యుబేటర్ దాటనిది ఒకటి. ఈ రెండింటి మధ్య తేడా వస్తే వేడి గానీ చలి గానీ ప్రయాణం గానీ కణాలను ఇబ్బంది పెట్టినట్టు. కిటికీ అద్దం కింద పెట్టినది మూడోది: అద్దం యూవీ-బీని దాదాపు అంతా ఆపి యూవీ-ఏలో చాలా భాగాన్ని వదులుతుంది కాబట్టి ఏ వాటా దేనిదో తెలుస్తుంది. క్రిమినాశక దీపం కింద చదరపు మీటరుకు 10 జౌళ్లు ఇచ్చినది నాలుగోది. అందులో కూడా సంకేతం రాకపోతే తప్పు ఎలైసాలోనే ఉంది.

డీఎన్‌ఏ తీయడం

సిలికా కాలమ్ కిట్ చాలు. ఆర్‌ఎన్‌ఏను కోసేసే ఆర్‌ఎన్‌ఏస్ ఎంజైమ్ చర్య తప్పనిసరి, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ మిగిలితే 260 దగ్గర కాంతి పీల్చుకుని డీఎన్‌ఏ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. 260, 280 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతుల నిష్పత్తి (260/280) 1.8 దగ్గర ఉండాలి. కానీ చివరి పరిమాణం ఫ్లోరోసెంట్ రంగుతోనే కొలవండి. ఒక్కో గుంటలో 10 నానోగ్రాములు వేస్తున్నామనుకుని 13 వేస్తే, సీపీడీ సంకేతం కూడా దాదాపు అదే పాళ్లలో పెరుగుతుంది. అది ఎండ చేసిన పని కాదు. 8-ఆక్సోగ్వానీన్ కూడా కొలవాలనుకుంటే ఫినాల్‌తో డీఎన్‌ఏ తీయకండి. తీసేటప్పుడే గ్వానీన్ ఆక్సీకరణకు గురవుతుంది. 8-ఆక్సోగ్వానీన్ నేపథ్య అంకెలు ఒక్కో ప్రయోగశాలలో ఎన్నో రెట్ల తేడాతో రావడం చూసి, 1997లో యూరప్‌లో ఎస్కాడ్ అనే ఉమ్మడి బృందమే పుట్టింది.

ఎలైసా

మొదటి రోజు: పాలీవినైల్ క్లోరైడ్ 96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 0.003 శాతం ప్రోటమీన్ సల్ఫేట్ (100 మి.లీ. నీటిలో 3 మిల్లీగ్రాములు) 50 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరనివ్వండి. డీఎన్‌ఏకు ఋణావేశం, ప్రోటమీన్‌కు ధనావేశం. ఈ పూత లేకపోతే డీఎన్‌ఏ కడుగుళ్లలో కొట్టుకుపోతుంది.

రెండో రోజు: డిస్టిల్డ్ నీటితో మూడుసార్లు కడగండి. డీఎన్‌ఏను పీబీఎస్‌లో మి.లీ.కు 0.2 మైక్రోగ్రాములకు పలచన చేసి, 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉడికించి, తీసిన మరుక్షణం మంచులో ముంచి 15 నిమిషాలు ఉంచండి. యాంటీబాడీ పట్టుకునేది విడిపోయిన ఒంటి పోగునే. బల్ల మీద పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తే పోగులు మళ్లీ జతకడతాయి, సంకేతం పడిపోతుంది. గుంటకు 50 మైక్రోలీటర్లు (10 నానోగ్రాములు), ఒక్కో నమూనా నాలుగు గుంటల్లో. మళ్లీ రాత్రంతా ఆరనివ్వండి. అంచు గుంటలు ముందుగా ఆరిపోతాయి కాబట్టి వాటిలో నమూనాలు వేయకండి.

మూడో రోజు: 0.05 శాతం ట్వీన్-20 కలిపిన పీబీఎస్‌తో ఐదుసార్లు కడిగి, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా 2 శాతం సీరంతో అరగంట అడ్డుకట్ట వేయండి. సీపీడీని గుర్తించే టీడీఎమ్-2 యాంటీబాడీ 1:1000 పలచనలో గుంటకు 100 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల దగ్గర అరగంట. కడగండి. బయోటిన్ తగిలించిన రెండో యాంటీబాడీ అరగంట, కడగండి. స్ట్రెప్టవిడిన్-పెరాక్సిడేజ్ అరగంట, కడగండి. ఓపీడీ రంగుద్రావణం అరగంట చీకట్లో. 2 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మైక్రోలీటర్లతో ఆపి 492 నానోమీటర్ల దగ్గర చదవండి.

ప్రతి ప్లేటులోనూ ప్రామాణిక వరస ఉండాలి. దూడ థైమస్ డీఎన్‌ఏను మి.లీ.కు 10 మైక్రోగ్రాములుగా కరిగించి, 2 మిల్లీమీటర్ల లోతున పరచి, దీపం కింద చదరపు మీటరుకు 0, 1, 2, 5, 10, 20 జౌళ్లు ఇవ్వండి. దీపాన్ని ముందుగా 15 నిమిషాలు వెలిగించి ఉంచాలి, లేకపోతే మొదటి మోతాదులు తక్కువ పడతాయి. ద్రావణం చిక్కగా ఉండకూడదు: మి.లీ.కు 50 మైక్రోగ్రాములుంటే పై పొర డీఎన్‌ఏనే కింది పొరకు నీడ పడుతుంది. ఈ వరసతో గీసిన వక్రరేఖ మీద మీ నమూనా అంకె ఎక్కడ పడుతుందో చూసి, ఎన్ని జౌళ్ల యూవీ-సీకి సమానమో రాయండి. పది లక్షల బేస్‌లకు ఇన్ని సీపీడీలు అని కచ్చితంగా చెప్పాలంటే ఎలైసా చాలదు, ద్రవ్యరాశి స్పెక్ట్రోమెట్రీ కావాలి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్ కాడే, థియరీ దూకీ ఈ దారిలో లోతుగా పనిచేశారు.

వక్రరేఖ పైకి వెళ్లి చదునైపోతే యాంటీబాడీ నిండిపోయినట్టు, డీఎన్‌ఏ సగానికి తగ్గించి మళ్లీ చేయండి. చీకటి డిష్‌లో కూడా రంగు ఎక్కువొస్తే సీరం అడ్డుకట్టను గానీ కడుగుళ్లను గానీ అనుమానించండి.

6-4 ఫోటోప్రాడక్ట్‌ను 64ఎమ్-2 యాంటీబాడీతో ఇదే విధంగా కొలవవచ్చు, డీఎన్‌ఏ పదిరెట్లు వేయాలి. అయితే ఎండలో ఒక చిక్కుంది. ఏర్పడిన 6-4 అతుకు 320 నానోమీటర్ల ప్రాంతపు కాంతిని పీల్చుకుని డ్యూవర్ అనే ఇంకో రూపానికి మారుతుంది. ఈ యాంటీబాడీ ఆ రూపాన్ని చూడదు. దీపం కింద పెరిగినట్టు ఎండలో 6-4 అంకె పెరగకపోతే ప్రయోగం తప్పిందని అనుకోకండి. ఎండ కింద జరిగే రసాయనమే అది.

మరమ్మతు కొలవాలంటే

ప్రాథమిక కణాలకు 1 ఎస్‌ఈడీ ఇచ్చి, యాంటీబయాటిక్ కలిపిన పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, వెచ్చని మాధ్యమం పోసి, 0, 1, 3, 6, 24, 48 గంటలకు డీఎన్‌ఏ తీయండి. 6-4 అతుకులు కొద్ది గంటల్లో చాలావరకు పోతాయి, సీపీడీలు ఒక రోజు గడిచినా గణనీయంగా మిగులుతాయి. కణాలు విభజన చెందుతుంటే కొత్త డీఎన్‌ఏ కలిసి పాత దెబ్బ పలచబడుతుంది, మరమ్మతు జరగకపోయినా జరిగినట్టే కనిపిస్తుంది. అందుకే డిష్ పూర్తిగా నిండి, విభజన ఆగిన ఫైబ్రోబ్లాస్టులు ఇక్కడ నయం. మెలనోసైట్లు (చర్మానికి రంగునిచ్చే కణాలు) వాడితే ఇంకో జాగ్రత్త: అతినీలలోహిత కాంతి ఆగాక కూడా వాటిలో మూడు గంటలకు పైగా కొత్త సీపీడీలు పుడుతూ ఉంటాయని 2015లో యేల్ విశ్వవిద్యాలయ బృందం చూపించింది. కాబట్టి సున్నా గంట అంకెనే గరిష్ఠమని పెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

తక్కువ మోతాదులకు కామెట్ పరీక్ష

ఎలైసాకు అందనంత చిన్న దెబ్బకు కామెట్ పరీక్ష మంచిది. ఇందులో తెగిన డీఎన్‌ఏ విద్యుత్తుకు కణం నుంచి తోకచుక్క తోకలా బయటికి సాగుతుంది, ఆ తోకనే కొలుస్తారు. 10,000 కణాలను 37 డిగ్రీల దగ్గరున్న 0.7 శాతం తక్కువ వేడికి కరిగే అగరోజ్‌లో కలిపి స్లైడు మీద పరచి, 2.5 మోలార్ ఉప్పు, 100 మిల్లీమోలార్ ఈడీటీఏ, 10 మిల్లీమోలార్ ట్రిస్, 1 శాతం ట్రైటాన్ ఉన్న పీహెచ్ 10 ద్రావణంలో 4 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. తర్వాత అసలు మెట్టు: యూవీ-బీ డీఎన్‌ఏను నేరుగా తెంపేది చాలా తక్కువ. అందువల్ల ఎంజైమ్ లేకుండా కామెట్ చేసి తోక రాలేదు కాబట్టి దెబ్బ లేదని రాసే పొరపాటు జరుగుతుంటుంది. టీ4 ఎండోన్యూక్లియేజ్ 5 అనే ఎంజైమ్ సీపీడీ ఉన్న ప్రతిచోటా పోగును తెంపుతుంది. కడిగిన స్లైడు మీద ఎంజైమ్ 50 మైక్రోలీటర్లు వేసి 37 డిగ్రీల తేమపెట్టెలో అరగంట. జంట స్లైడు మీద ఎంజైమ్ లేని బఫర్ మాత్రమే.

ఆ తర్వాత 300 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ద్రావణంలో 20 నుంచి 40 నిమిషాలు విప్పనిచ్చి, సెంటీమీటరుకు 0.7 నుంచి 1 వోల్టు దగ్గర 25 నిమిషాలు విద్యుత్తు ఇవ్వండి. పీహెచ్ 7.5 ట్రిస్‌తో తటస్థం చేసి, రంగువేసి, ఒక్కో స్లైడుకు కనీసం 50 కణాల తోకలో డీఎన్‌ఏ శాతం లెక్కించండి. ఎంజైమ్ స్లైడు అంకెలోంచి బఫర్ స్లైడు అంకె తీసేస్తే మిగిలేది సీపీడీల వాటా. కణాలను డిష్ నుంచి గీకకండి, ట్రిప్సిన్‌తోనే తీయండి. గీకితే పోగులు తెగి తోకలు వాటంతటవే వస్తాయి. 0.5 ఎస్‌ఈడీ కంటే తక్కువలోనే ఈ పరీక్ష నమ్మదగింది, ఎక్కువైతే డీఎన్‌ఏ అంతా తోకలోకి పోయి కొలత నిండిపోతుంది.

మూడు డిష్‌లు పెట్టినంత మాత్రాన మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల ఎండలో, వేర్వేరు పాసేజ్ (కొత్త డిష్‌కు మార్చి పెంచిన తరం) కణాలతో మూడుసార్లు చేస్తేనే మూడు.

మనుషుల మీద కొలవాలనుకుంటే

ఇది సంస్థాగత నైతిక సంఘం అనుమతి, రాతపూర్వక సమ్మతి ఉంటేనే చేయవలసిన పని. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఇక్కడ ఆధారం. చర్మంలో సీపీడీలను చూడాలంటే 3 లేదా 4 మిల్లీమీటర్ల పంచ్ బయాప్సీ, అంటే గుండ్రటి చిన్న చర్మపు ముక్క, తీయాలి. ఆ ముక్కను మొత్తంగా నూరి డీఎన్‌ఏ తీయకండి. ముదురు చర్మంలో మెలనిన్ వల్ల బాహ్యచర్మపు అట్టడుగు పొరకు చాలా ఎక్కువ రక్షణ, పై పొరలకు అంత ఉండదు. తెలుగువారిలో ఎక్కువమంది చర్మం ముదురు ఛాయదే. ముక్క మొత్తం నూరితే రాలిపోయే పైపొరల దెబ్బ, క్యాన్సర్‌కు దారితీయగల అడుగుపొర దెబ్బ కలిసిపోయి, మధ్యస్థంగా అర్థంలేని అంకె వస్తుంది. పలచని కోతలు కోసి, టీడీఎమ్-2తో ఫ్లోరోసెంట్ రంగు వేసి, పొరపొరకూ విడిగా లెక్కించండి.

సూది, కోత వద్దనుకుంటే మూత్రం ఉంది. మరమ్మతులో కోసి తీసేసిన థైమీన్ జంటలు మూత్రంలో బయటపడతాయి, ఎండ తగిలిన దాదాపు మూడో రోజున ఎక్కువగా. అందువల్ల ఎండకు ముందు రెండు రోజులు, తర్వాత కనీసం ఐదు రోజులు, ప్రతి ఉదయం మొదటి మూత్రం తీసుకుని, క్రియాటినిన్‌తో (మూత్రం ఎంత పలచగా ఉందో చెప్పే పదార్థం) సరిచేసి రాయాలి. ఎండలోంచి వచ్చిన సాయంత్రమే ఒక్క నమూనా తీసుకుంటే అప్పటికి అందులో ఏమీ కనిపించదు. ఉమ్మి తీసుకుని జన్యుపరీక్ష చేసే కిట్లు పుట్టుకతో వచ్చిన జన్యుతేడాలను చూపిస్తాయి గానీ, ఈ వేసవిలో చర్మానికి తగిలిన దెబ్బను చూపించలేవు. స్వచ్ఛంద దాతలు అడిగితే ఈ తేడాను సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకముందే విడమరచి చెప్పండి.